షకీలా నీలం క్యాను

బెల్లంకొండ దాటాక రిజర్వాయర్ ఒడ్డున షకీలా రేకుల కొట్టులో వలలు, గాలాలు, తెడ్లు దొరుకుతాయి. అడక్కపోయినా సలహాలూ దొరుకుతాయి. వల అమ్మేముందు దాని ముడిని పంటితో లాగి చూస్తుంది. ఎవరి పుట్టినైనా, ఆ గుండ్రటి బుట్టపడవను బోర్లించి, అడుగున పూసిన తారును బొటనవేలితో నొక్కుతుంది. వేలికి అంటితే "ఇయ్యాల నీళ్లలో దించమాక అన్నా" అంటుంది. ఏం కొన్నా, కొనకపోయినా ఆఖరి మాట మాత్రం ఒకటే: "నడుముకి ఖాళీ క్యాను కట్టుకో. పుట్టి తిరగబడితే నిన్ను తేల్చేది అదే."

ఆ మధ్యాహ్నం గాలి లేచింది. కొత్తగా పుట్టి కొన్న యల్లమంద తెడ్డు బేరమాడుతుంటే, షకీలా అలవాటుగా ఆ ఆఖరి మాట అనేసింది. "అయితే ఆ నీలం క్యాను ఇయ్యి అక్కా" అని అతను మూలకు చూపించాడు. తిరిగి చూసిన షకీలా కొయ్యబారిపోయింది. అది ఆమె మొగుడు ఫరీద్‌ది. పొద్దున తాగేనీళ్లకని అతని పుట్టిలోంచి తనే తెచ్చుకుంది. అతనింకా నీళ్ల మీదే ఉన్నాడు. క్యానులోని నీళ్లు గుమ్మంలోనే పారబోసి ఒడ్డుకు పరిగెత్తింది. పుట్లు ఒక్కొక్కటే వస్తున్నాయి. ప్రతి మొహంలోనూ వెతికింది గానీ, ఎవరినీ నోరు తెరిచి అడగలేదు. ఏం చెబుతారోనని భయం. అందరికన్నా వెనక, తడిసి ముద్దయిన ఫరీద్ మోకాలిలోతు నీళ్లలో పుట్టిని లాక్కుంటూ వచ్చాడు. ఆమె ఎదురెళ్లి, అతని నడుముకి క్యాను తాడు చుట్టి ముడేసింది.

"ఏందే ఇది, ఒడ్డుకొచ్చేశాగా!" అన్నాడు ఫరీద్.

షకీలా వంగి, ఎప్పటిలాగే ముడిని పంటితో లాగి చూడబోయింది. దవడ వణుకుతుంటే పంటికి పట్టు దొరకలేదు.