నాలుగు మూడ్లు రెండు

ఆ రోజుల్లో నాకు రాని లెక్క లేదని నాకు గట్టి నమ్మకం. (ఇప్పుడు లెక్కలు బాగానే ఉన్నాయి, నమ్మకమే తగ్గింది.) బి.ఎస్సీ. పాసై, గూళూరు దగ్గరి మా ఊరి బడిలో అతిథి శిక్షకుడిగా చేరి మూడు నెలలు. పగలంతా పిల్లలకు కన్నడంలో మగ్గి, అంటే ఎక్కాలు, చెప్పి, ఇంటికొచ్చాక కూడా వాటినే తెలుగులో గొణుక్కుంటూ తిరిగేవాణ్ణి. అప్పుడే ఇంటి వెనక గోడకు ఆనించి అమ్మకు కొత్త వంటిల్లు కట్టిస్తున్నాం. పాతది పడగొట్టేయడంతో అమ్మ వంట పెరట్లోకి వచ్చింది. గోడలు లేచాయి, పెంకులు వచ్చాయి, వాటి కింద వేసే కొయ్యే రావాలి. రోజూ సాయంత్రం మబ్బు పడుతోంది. "వాన వచ్చేలోపల కప్పు పడలేదంటే రాగిముద్ద మీరే కెలుక్కోండప్పా" అని అమ్మ తేల్చి చెప్పేసింది. "లెక్కల అయివారు ఇంట్లో ఉండంగా నేనెందుకు? సైజులన్నీ వాడే చూసుకుంటాడు" అని నాన్న ఆ పని నాకప్పగించాడు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

ఆదివారం పొద్దున వడ్రంగి ఆచారి గోడెక్కి కూర్చుని, ఆకువక్క నములుతూ, "రాసుకో అయివారూ. నాలుగు రెండ్లు ఎనిమిది" అన్నాడు. ఔనన్నాను. "మూడు రెండ్లు ఆరు." అదీ సరే. నన్ను పరీక్షిస్తున్నాడేమో అనుకున్నాను. "నాలుగు మూడ్లు రెండు." ఇక ఊరుకోలేకపోయాను. "నాలుగు మూడ్లు పన్నెండు గదప్పా" అన్నాను. "పన్నెండు యాలప్పా? రెండు చాలు." "చాలేదేమి? యాడికి పోయినా పన్నెండే." ఆయన "నీ ఇల్లు, నీ ఇష్టం" అని ఆకు ఉమ్మేశాడు. పాపం, చదువుకోలేదు కదా అని జాలిపడి, కాగితం మీద జవాబులు మాత్రం ఎనిమిది, ఆరు, పన్నెండు అని రాసుకుని చింతామణి టౌనుకు బస్సెక్కాను.

టింబర్ డిపో ఆయన కాగితం చూసి, "ఎనిమిది, ఆరు. ఇంచులా సార్?" అన్నాడు. లెక్కల అయివారు తెలియదనకూడదు కదా, ఇంచులే అన్నాను. "పన్నెండు పీసులా?" పన్నెండే. (పొడుగు పదడుగులని నాన్న చెప్పి పంపాడు. ఆ ఒక్కటీ సరిగ్గా చెప్పాను.) "ఏం కడతాండారు సార్, దేవస్థానమా?" "వంటిల్లు." ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూసి, మళ్ళీ పెట్టుకుని చూశాడు. "ఇంట్లో ఎంతమంది ఉండారు?" అని అడిగాడు. ముగ్గురమన్నాను.

టెంపో మూలుగుతూ ఇల్లు చేరింది. ఆచారి ఒక దూలం చుట్టూ నిదానంగా తిరిగాడు. "దీన్ని పైకెక్కిస్తే గోడ కూచుంటాది. నాలుగించులకు రెండించుల వాసాలు ఎనిమిది అంటిని, మూడుకు రెండువి ఆరు, నాలుగుకు మూడువి రెండు. ఇవి యాడివప్పా?" కొయ్య సైజును ఎక్కంలాగే పలుకుతారనీ, చివరి అంకె ఎన్ని కావాలో చెబుతుందనీ నాకప్పుడు తెలిసింది. ఆదివారమైనా సరే, లేచి బడికి పారిపోదామనిపించింది.

డిపో ఆయన ఫోన్లో నవ్వి నవ్వి, మార్చి ఇస్తానన్నాడు కానీ, టెంపో దొరికేది మరునాడే. వాన మాత్రం ఆ సాయంత్రమే వచ్చింది. అమ్మ పొయ్యి ముందు కూర్చుని ముద్ద కెలుకుతుంటే నేను గొడుగు పట్టాను. అది పొయ్యికి సరిపోతే అమ్మకు చాలదు, అమ్మకు సరిపోతే పొయ్యికి చాలదు. సిగ్గుతో చచ్చిపోతూ, "తప్పయిపోయిందమ్మా" అన్నాను. "ఇట్ల కొంచెం వంచప్పా, ఎసట్లో పడతాండాది" అంది. ఇంకాసేపటికి, నవ్వు ఆపుకుంటూ, "మావోడు లెక్కల అయివారని ఊరంతా చెప్పుకొంటిని. ఇంగ ఎవురికీ చెప్పనులే" అంది.

ఆ వంటింటి కప్పు ఇప్పటికి ఎన్నో వానలు చూసింది. అప్పటి నేనైన ఆ కుర్రవాడి మీద నాకు కోపమూ పోయింది. గుర్తొచ్చినప్పుడల్లా చొక్కా తడిసి, చెయ్యి లాగుతున్నా, అమ్మవైపు గొడుగు వంచుతూనే కనిపిస్తాడు. ఆ గొడుగు ఇలా తే, కాసేపు నేను పట్టుకుంటాను అనాలనిపిస్తుంది.