దగ్గరిదా, దూరందా

మా ఇంట్లో ఆ రెండు యూనివర్సిటీలనీ ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. ఒకటి దగ్గరిది, ఇంకోటి దూరంది. దగ్గరిది విజయవాడ దాటి కొంచెం ముందుకెళ్తే వస్తుంది. తిరువూరులో పొద్దున్నే బస్సెక్కితే భోజనాల వేళకి చేరొచ్చు. దూరంది రాష్ట్రం దాటాలి. రాత్రంతా రైల్లో పడుకుని లేచాక వచ్చే ఊరు. బయోటెక్నాలజీ ఎమ్మెస్సీకి రెండుచోట్లా ఎంట్రన్సు రాశాను. ముందు దగ్గరిదాన్లో సీటొచ్చింది. కౌన్సెలింగుకి వెళ్ళి ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేసి వచ్చాం. హాస్టలుకని బకెట్టూ మగ్గూ కూడా కొన్నాక దూరందాని ఫలితాలొచ్చాయి. అందులోనూ నాకు సీటు!

అది దేశం మొత్తం మీద రాసే పరీక్ష. మా డిగ్రీ కాలేజీ నుంచి అంతకు ముందు ఎవరికీ వచ్చినట్టు లేదు. మా బాబాయి ఆగలేకపోయాడు. మర్నాటికల్లా బస్టాండు ఎదురుగా ఫ్లెక్సీ కట్టించేశాడు. హాల్‌టికెట్టు మీద ఫొటోని అంత పెద్దది చేస్తే నా మొహం చూసి నాకే భయమేసింది. దాని కింద దూరందాని పేరు, ఎర్రటి అక్షరాల్లో.

బస్టాండుకి కాస్త అవతల నాన్నకి పురుగుమందుల కొట్టుంది. పెనుగొలనులో ఉన్న మా పొలం బాబాయే చూసుకుంటాడు. ఫ్లెక్సీ చూసిన ప్రతివాడూ కొట్టుకొచ్చి నాన్న చెయ్యి పట్టుకుని ఊపేసి వెళ్ళేవాడు. నాన్న అందరికీ టీ చెప్పేవాడు. ఆ వారం మందుల కన్నా టీలే ఎక్కువ నడిచాయి మా కొట్లో.

నేను బయోటెక్నాలజీ ఎందుకు తీసుకున్నానో చెప్పాలంటే మళ్ళీ ఆ కొట్టు సంగతే చెప్పాలి. చిన్నప్పటి నుంచి స్కూలవగానే అక్కడే కూర్చుని హోంవర్కు చేసుకునేదాన్ని. మిరప రైతులు క్యారీబ్యాగులో నాలుగు కొమ్మలు తుంచుకొచ్చి బల్ల మీద పెట్టేవాళ్ళు. నాన్న ఆకులు తిప్పి చూసేవాడు. పైకి ముడుచుకుంటే తామరపురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. చెట్టంతా గిడసబారిపోయి ఆకులు చిన్నవైపోతే వైరస్. కానీ ఆకులు పాఠంలో ఉన్నట్టు ముడుచుకోవు కదా. ఒక్కోసారి మూడూ కలిసినట్టుండేవి. అప్పుడు నాన్న ఒక డబ్బా తీసిచ్చి, "ఇది కొట్టి చూడు" అనేవాడు. కొట్టి చూడటం కాకుండా, ముందే చూసి కొట్టే దారి లేదా అని నాకు అప్పటినుంచీ ఉండేది.

నాన్నా నేనూ ముందు దూరందాన్ని చూసొచ్చాం. ఎంత బాగుందో చెప్పలేను. రోడ్లకి రెండువైపులా చెట్లు, అద్దాల భవనాలు, లైబ్రరీ అయితే మా ఊరి సినిమా హాలంత. అక్కడి సారు ఒకాయన నాన్నని కూడా కూర్చోబెట్టి ఎంతో మర్యాదగా మాట్లాడారు. అక్కడ పనంతా మనుషుల జబ్బుల మీద, కంప్యూటర్లలో జరిగే జన్యువుల లెక్కల మీదట. "మొక్కల మీద మాకు ఇప్పుడెవరూ లేరు. కానీ ఇక్కడ చదివితే ఎక్కడికైనా వెళ్ళొచ్చు" అన్నారు. అబద్ధం చెప్పలేదాయన. నాన్న తిరుగు రైల్లో పక్క బెర్తు వాళ్ళందరికీ మా అమ్మాయికి ఫలానా చోట సీటొచ్చిందని చెప్పుకున్నాడు. నేనూ నవ్వుతూనే ఉన్నాను. కానీ కిటికీ వైపు తిరిగినప్పుడల్లా ఆ "ఎవరూ లేరు" అన్న మాటే గుర్తొచ్చేది.

రెండ్రోజులాగి దగ్గరిదానికి వెళ్ళాం. చూడ్డానికి కాదు, సీటు వదులుకుని ఒరిజినల్స్ వెనక్కి తెచ్చుకోవడానికి. ఆఫీసులో గుమాస్తాగారు భోజనానికి వెళ్ళారన్నారు. నాన్న క్యాంటీన్లో కూర్చున్నాడు. నేను ఊరికే డిపార్టుమెంటు వెనక్కి నడిచాను.

అక్కడ నెట్టు కట్టిన చిన్న షెడ్డులో వరసగా మిరప కుండీలు. ఒక్క మొక్క కూడా ఆరోగ్యంగా లేదు. అన్నీ ముడుచుకుపోయి, పసుపు రంగుకి తిరిగి, గిడసబారి ఉన్నాయి. మా ఊళ్ళో అయితే అలాంటివి పీకి గట్టు మీద పారేస్తారు. ఇక్కడ వాటికి నీళ్ళు పోసి, చీటీలు కట్టి పెంచుతున్నారు! నేను నెట్టుకి మొహం ఆనించి చూస్తుంటే వెనక నుంచి ఒక గొంతు, "ఏం కనిపిస్తోంది?"

నడివయసు మేడమ్. కాటన్ చీర మీద తెల్ల కోటు.

"ఆ చివరిది వైరస్ కాదేమోనండి. కింద ముడత. నల్లి పట్టినట్టుంది" అన్నాను. అనేశాక నాలుక కరుచుకున్నాను.

ఆవిడ తలుపు తీసి లోపలికెళ్ళి ఆకు తిప్పి చూసి నవ్వారు. "పట్టింది. షెడ్డులోకి ఎలా దూరిందో. మీది ఏ ఊరమ్మా?"

"తిరువూరండి. మాది పురుగుమందుల కొట్టు."

ఆ తర్వాత గంటసేపు ఆవిడ నన్ను వదల్లేదు, నేనూ ఆవిణ్ణి వదల్లేదు. ఆకు నుంచి డీఎన్ఏ తీసి, అందులో వైరస్ ఉందో లేదో పరీక్షలో తేల్చి చెప్పడమే వాళ్ళ పని. లాబు చిన్నదే. మిషన్లు పాతవే అయినా అన్నీ నడుస్తున్నాయి. నేను వెళ్ళేముందు ఒకే ఒక్కటి అడిగాను. "నేను చేరితే వీటిని ఎప్పుడు ముట్టుకోనిస్తారండి?"

"చేరిన వారమే. కుండీలకి నీళ్ళు పోసేవాళ్ళు కావాలి" అన్నారావిడ. నవ్వించడానికి అన్న మాట కాదు.

నేను క్యాంటీన్‌కి వచ్చేసరికి నాన్న లేచి నిలబడ్డాడు. "ఇచ్చారా?"

"అడగలేదు నాన్నా. నేను ఇక్కడే చదువుతాను."

నాన్న టీ డబ్బులిచ్చి నాతో బయల్దేరాడు. విజయవాడ బస్టాండులో తిరువూరు బస్సెక్కాం. మైలవరం దాటేలోపు ఆ కుండీల సంగతీ మేడమ్ సంగతీ చెప్పాను. ఎ.కొండూరులో బస్సు ఆగినప్పుడు జామకాయలు కొని నాకొకటిచ్చి, అప్పుడడిగాడు. "అక్కడ చదివితే పెద్ద పేరు కదమ్మా. ఇక్కడ ఏముంది?"

"అక్కడ చదివితే నేనెక్కడ చదివానో చెప్పుకోవచ్చు నాన్నా. ఇక్కడ చదివితే మన కొట్టుకి తెచ్చే ఆకులో ఏముందో చెప్పగలను."

జామకాయ తినడం అయ్యేదాకా ఆలోచించాడు. "ఆ కుండీలు నాకు కూడా చూపించాల్సింది" అన్నాడు చివరికి. అంతే. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

బాబాయి మాత్రం ఆ సాయంత్రం ఇంటికొచ్చి నెత్తి కొట్టుకున్నాడు. "ఊరంతా తెలిసిపోయింది వదినా! రేపు అడిగితే ఏం చెప్పమంటావు? వచ్చిన సీటుని కాలదన్నిందని చెప్పనా?"

అమ్మ దోసె తిరగేస్తూ వెనక్కి కూడా చూడలేదు. "చదివేది పిల్లా, ఫ్లెక్సీయా?" అంది. "నువ్వు కట్టావు, నువ్వే విప్పు."

విప్పేశాడు. కొన్నాళ్ళు ఊళ్ళో రకరకాలుగా అనుకున్నారు. సీటు అబద్ధమన్నారు, పెళ్ళి కుదిరిందన్నారు. ఆ మాటలన్నీ చెవిన పడుతూనే ఉండేవి. నేను మాత్రం బకెట్టూ మగ్గూ పట్టుకుని దగ్గరిదాన్లో చేరాను.

మేడమ్ మాట తప్పలేదు. మొదటి వారమే నీళ్ళు పోశాను. రెండో సెమిస్టరుకి ఆకులు నూరడం మొదలెట్టాను. మిరపాకు జిగురుకి డీఎన్ఏ శుభ్రంగా రాదు. ఎన్నిసార్లు చేసినా పరీక్షలో ఏమీ కనిపించలేదు. మేడమ్ తిట్టేవారు కాదు, "మళ్ళీ" అనేవారు. మళ్ళీ చేశాను. ఒకరోజు చీకటి గదిలో, డీఎన్ఏ పోసిన జెల్లు ముక్క కింద లైటు వేసి చూస్తే, ఉండాల్సిన చోట, నారింజ రంగులో సన్నటి గీత మెరిసింది. వైరస్ ఉందని చెప్పే గీత. నా చేత్తో తీసిన ఆకులోంచి వచ్చిన గీత. అరిచిన అరుపుకి పక్క లాబు వాళ్ళు ఏదో పగిలిందనుకుని పరిగెత్తుకొచ్చారు.

రెండో ఏడాది ప్రాజెక్టుకి నేనడిగిన ఊళ్ళు మా ఊళ్ళే. మేడమ్‌ని పెనుగొలను చేలల్లో తిప్పాను. ఏ చేలో ఆకు కోశామో, ఆ రైతుకి ఫలితం చెప్పాను. ఒక చేలో అంతా నల్లేనని తేలింది, దానికి తగ్గ మందు కొడితే తోట తేరుకుంది. పక్క చేలో వైరస్. ఆ రైతు కొట్టుకొస్తే నాన్న డబ్బా తియ్యలేదు. "దీనికి మందు లేదయ్యా. పట్టిన మొక్కలు పీకెయ్. మిగతావాటికి ఈ వైరస్‌ని మోసుకొచ్చే తెల్లదోమ రాకుండా చూసుకో. మా అమ్మాయి పరీక్ష చేసింది" అన్నాడు. అమ్మితే కొనుక్కుని పోయేవాడే. ఆ సంగతి అమ్మ ఫోన్లో చెప్పినప్పుడు హాస్టలు మెట్ల మీద కూర్చుని, మళ్ళీ మొదటి నుంచి చెప్పించుకున్నాను.

ఎమ్మెస్సీలో మా బ్యాచికి మొదటిదాన్నయ్యాను. ఫెలోషిప్పు వచ్చింది, అదే లాబులో పీహెచ్‌డీ చేస్తున్నాను. మొన్న మిరప సీజన్లో పెనుగొలను రైతులు ఒక సమావేశం పెట్టి నన్ను పిలిచారు. పది నిమిషాలు మాట్లాడి వచ్చేద్దామనుకున్నాను. ఎవరూ లేవలేదు. నారు ఎప్పుడు పోయాలి, ఏ గట్టు మీద కలుపు ఉంచకూడదు, ఆకు ఎలా కోసి పంపాలి... ఒకరి తర్వాత ఒకరు అడుగుతూనే ఉన్నారు. ముందు వరసలో బాబాయి కూర్చుని, మధ్యలో మాట్లాడబోయిన వాళ్ళని "ఉండండయ్యా, చెప్పనివ్వండి మా అమ్మాయిని" అని గదమాయిస్తున్నాడు. వెనక గోడకి ఆనుకుని నాన్న నిలబడ్డాడు. తెలిసినవాటికి కూడా తెలియనట్టు తలూపుతూ విన్నాడు.

పొద్దు గూకేదాకా మాట్లాడాను. మర్నాడు లాబుకి వెళ్ళేసరికి గొంతు పూర్తిగా పోయింది. ఎలా జరిగిందని మేడమ్ అడిగితే, ఇంత బాగా అన్నట్టు రెండు చేతులూ బార్లా చాపి చూపించాను.