అంతరిక్ష నౌక తలుపు మీద విష్ణుమూర్తి

ఈ రోజు పెడనలో కలంకారీ అచ్చులు చెక్కే వీరాస్వామి గారింటికి వెళ్ళాను. నేను వెళ్ళేసరికి బందరు అమ్మాయి శ్రావ్య అక్కడే ఉంది. తన కంపెనీ చేస్తున్న వీడియో గేమ్ చివర ఆయన పేరు వేస్తామని, అనుమతి కోసం లాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. అందులో అంతరిక్ష నౌక తలుపు మీద విష్ణుమూర్తి ఉంటాడు. అది ఆయన చెక్కిన అచ్చుకు తీసిన ఫొటో.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూశారు.

“అమ్మాయ్, చక్రం ఎడమ చేతికి వెళ్ళిందేంటి?”

అచ్చు మీద బొమ్మను తిరగేసి చెక్కుతారు. గుడ్డ మీద అద్దితేనే సరిగ్గా పడుతుంది. శ్రావ్య గుడ్డను వదిలేసి చెక్కను ఫొటో తీసింది.

“ఎవరు చూస్తారు బాబాయ్? ఆ తలుపు కనపడగానే ఆడేవాళ్ళు బాంబు వేస్తారు.”

“బాంబు వేసేవాడికి కళ్ళుండవా?”

“అది వేరే లోకం బాబాయ్. అక్కడ కుడి ఎడమలు వేరు.”

“అయితే నా పేరు కూడా తిరగేసి వెయ్యి. లేదంటే అసలు వెయ్యకు.”

శ్రావ్య ఒక్క మీట నొక్కింది. చక్రం కుడి చేతికి వచ్చింది. ఆయన పేరుకు ఒప్పుకున్నారు. ఒప్పుకుని ఇంకోటి అడిగారు.

“ఇంతకీ బాంబు వేసే ముందు ఎవరైనా తలుపు తట్టి చూస్తారా?”

ఇన్నేళ్ల పేపరు ఉద్యోగంలో సవరణలు చాలా వేశాను కానీ, దేవుడి చేతులకు సవరణ పడగా చూడటం ఇదే మొదలు. గేమ్‌లు ఆడేవాళ్ళు చెప్పండి, బాంబు వేసే ముందు మీలో ఎవరైనా ఏ తలుపైనా తట్టారా?