నడిచి రాని గొర్రె

ఊళ్ళో అందరూ ఆయన్ని నడకాయన అనేవాళ్ళు. ఆయనేమీ పెద్దగా నడిచే మనిషి కాదు. మోకాళ్ళు అరిగిపోయి, తన మాంసం కొట్టు గుమ్మం ఎక్కడానికే గోడ పట్టుకునేవాడు. నడవాల్సింది ఆయన కాదు, గొర్రె. తన కాళ్ళ మీద తాను నడిచి వచ్చిన జీవం తప్ప ఇంకేదీ తన కొట్లో మొద్దు ఎక్కదని ఆయన పెట్టుకున్న నియమం. బండి మీద పడుకోబెట్టి తెచ్చినా, భుజాన వేసుకొచ్చినా, కోసి సంచిలో చుట్టి తెచ్చినా, ఎంత బలిసినదైనా సరే, గుమ్మం దాటనిచ్చేవాడు కాదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం మనిషి, గొర్రెకు మాత్రం నాలుగూ చూసుకునే తీసుకునేవాడు.

ఆ నియమం ఆయనకు మామగారి దగ్గర నుంచి వచ్చింది, కొట్టుతోపాటే. మామగారికి ఒక కూతురు, ఒక కొడుకు. కసాయి కొడుకు కసాయే కావాలని రాసిపెట్టి ఉండాలి గానీ, ఈ కొడుక్కి కత్తి చూస్తే కళ్ళు తిరిగేవి. గొర్రెపిల్ల తప్పిపోతే అన్నం మానేసేవాడు. ముసలాయన తల పట్టుకుని, చివరికి కొట్టు అల్లుడికి, మంద కొడుక్కి అప్పగించి కన్ను మూశాడు. అప్పటి నుంచి బావమరిది గుట్ట మీద మంద మేపడం, బావ కిందకొచ్చిన జీవాలను కొయ్యడం. అక్కేమో కొట్లో తూకం దగ్గర కూర్చుని, ఒకరు పెంచినదాన్ని ఒకరు కోస్తే పొట్లాలు కట్టి ఊరికి ఇచ్చేది.

వీధికి అవతల అద్దాల తలుపుల దుకాణం వచ్చినప్పుడు ఈ కొట్టు పని అయిపోయిందనే అందరూ అనుకున్నారు. అక్కడి మాంసం ఎక్కడో కోసి, ఎక్కడో గడ్డకట్టించి, పెట్టెల్లో పెట్టి తెచ్చేది. ధర తక్కువ. వీధిలో మిగతా చిన్న కొట్లు ఒక్కొక్కటిగా తలుపులు వేసుకున్నాయి. నడకాయన మాత్రం మొండికేశాడు. ఊరి చుట్టూ చిన్న మందలున్న నాలుగైదు ఇళ్ళు వెతుక్కుని, వారానికోసారి కర్ర పట్టుకుని వాళ్ళ దొడ్లకు వెళ్ళి కూర్చునేవాడు. ముక్కు తడిగా ఉందా, పెంట గట్టిగా ఉందా, లేస్తే కుంటుతోందా, ఇవన్నీ చూసేవాడు. గడ్డి పల్చబడిన రోజుల్లో ఎవరినీ తొందరపెట్టకుండా, కొట్లో ఖాళీ కొక్కేలు వేలాడదీసి, "ఇవాళ లేదు, రేపు లేదు, వాన పడ్డాక రండి" అనేవాడు. తిట్టుకుంటూ పోయినవాళ్ళే మళ్ళీ వచ్చేవాళ్ళు. "ఇవాళ ఎవరి మందదమ్మా?" అని అడిగితే చెప్పగలిగిన కొట్టు ఆ ఊళ్ళో అదొక్కటే మిగిలింది.

ఆ ఏడు వాన పడనే లేదు. గుట్ట బోడి అయిపోయింది. మేత కోసం తిరిగి తిరిగి, చివరికి బావమరిది మందను వాగు పక్క పల్లంలోకి దింపాడు. ఎప్పుడో పాతకాలంలో రోగం తగిలి చచ్చిన జీవాలను పాతిపెట్టిన చోటు అది. అక్కడ మేపొద్దని తండ్రి చెప్పే ఉన్నాడు. కానీ కళ్ళ ముందు డొక్కలు ఎండిపోతున్న మందను పెట్టుకుని చచ్చిపోయినవాడి మాట ఎవరు వింటారు? నేల బీటలు వారి ఉంది, ఆ బీటల్లోనే కాస్త పచ్చదనం ఉంది. గొర్రెలు మూతులు లోపలికంటా పెట్టి కొరికాయి.

ఒక ఉదయం బావమరిది తోపుడుబండి నెట్టుకుంటూ కొట్టు వెనక సందులోకి వచ్చాడు. బండిలో తడి గోనె కింద ఒక గొర్రె ఉంది, తోలు ఒలిచి, కడుపు శుభ్రం చేసి.

"రాళ్ళ మీంచి జారింది బావా. కాలు విరిగింది. అది పడే బాధ చూడలేక నేనే కోసేశా."

"నువ్వా? ముల్లు గుచ్చుకుంటేనే మూర్ఛపోయే వెధవ్వి, పీక కోసి తోలు కూడా ఒలిచావా?" అని నవ్వబోయాడు నడకాయన. గోనె ఎత్తగానే ఆ నవ్వు కాస్తా పోయింది. కాళ్ళు నాలుగూ తిన్నగా ఉన్నాయి. బండి అడుగున చేరిన రక్తం నల్లగా, కరిగిన తారులా ఉంది. గుట్ట దగ్గర నుంచి ఇంతదూరం వచ్చినా గడ్డకట్టలేదు. పని నేర్పిన తొలిరోజుల్లో మామగారు ఒక మాట చెప్పాడు: గడ్డకట్టని రక్తం కనిపిస్తే కత్తి అక్కడే వదిలేసి వెనక్కి రా. ముసలాయన మణికట్టు మీద పెద్ద మచ్చ ఉండేది. అది డాక్టర్లు ఆంత్రాక్స్ అనే దొమ్మరోగం తగిలిన గొర్రెను కోసినప్పుడు వచ్చిన పుండు తాలూకు మచ్చ. ఆ రోజే ఆసుపత్రికి పరుగెత్తబట్టి బతికానని చెప్పేవాడు.

"ఏ కాలురా విరిగింది?"

బావమరిది గోనె అంచు పట్టుకుని మళ్ళీ కప్పబోయాడు.

"నిన్నే అడుగుతున్నా."

"పొద్దున లేచి చూసేసరికి పడి ఉంది బావా. ఇంకా వెచ్చగానే ఉంది. పారెయ్యడానికి చేతులు రాలేదు."

"ఇంకేమైనా పోయాయా?"

"మొన్న ఒకటి. పాతిపెట్టేశా."

నడకాయన గోనె మళ్ళీ కప్పేశాడు. "పశువుల డాక్టరుకి చెప్పాలిరా" అన్నాడు. బావమరిది ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నీకు దణ్ణం పెడతా, నోరు విప్పకు బావా. డాక్టరు వచ్చాడంటే మందంతా కట్టేస్తారు. ఇక జన్మలో నా గొర్రె ఎవడూ కొనడు. నాదే కాదు, గుట్ట చుట్టూ ఎవరిదీ కొనరు. నీ కొట్టు మాత్రం ఉంటుందా? అందరూ పోయి ఆ అద్దాల కొట్లో పెట్టెలు కొనుక్కుంటారు. అక్కకి ఏం చెప్తావు?"

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. నడకాయనకు ఆ మాటే అడ్డం వచ్చింది. బావమరిది చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు, అదే ఆయన్ని ముంచింది. ఇద్దరూ కలిసి ఊరి చివర బీడులో లోతుగా గొయ్యి తీసి, సున్నం పోసి గొర్రెను పాతిపెట్టారు. గోనె తగలబెట్టారు. చేతులు మోచేతుల దాకా తోముకుంటున్నప్పుడు బావమరిది బొటనవేలి మీద గాటు కనిపించింది.

"అదేంట్రా?"

"కత్తి జారింది. అలవాటు లేని పని కదా."

"ఆసుపత్రికి వెళ్ళు."

"వెళ్తాలే" అన్నాడు బావమరిది. ఆ 'వెళ్తాలే' ఎలాంటిదో ఇద్దరికీ తెలుసు.

కొట్టుకు వచ్చాక భార్య అడిగింది, "తమ్ముడొచ్చినట్టున్నాడు, ఏడీ?" అని. "గొర్రెను కోసి తెచ్చాడు. నడిచి రాలేదు కదా, వద్దన్నా" అన్నాడు ఆయన. అక్షరం అబద్ధం లేదు. ఆవిడ పకపకా నవ్వింది. "సొంత బావమరిదినీ వదల్లేదా నువ్వు!" అంది. సాయంత్రానికి ఆ ముచ్చట కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పింది. చూశారా మా ఆయన ఎలాంటివాడో, అనే గర్వం ఆవిడ గొంతులో దాగలేదు. ఆయన మొద్దు మీద నుంచి తల ఎత్తకుండా కొడుతూనే ఉన్నాడు. ఆ రోజు కోసింది వేరే మందది, నడిచి వచ్చినదే.

నాలుగు రోజులు పోయాక దొడ్డి చూడ్డానికి గుట్టెక్కాడు. మంద బాగానే ఉంది. బావమరిది బొటనవేలికి గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. విప్పమంటే విప్పాడు. పొక్కు చితికి, నడుమ బొగ్గులా నల్లబడింది. చుట్టూ వాచింది.

"పద, ఇప్పుడే ఆసుపత్రికి పోదాం."

"అసలు నొప్పే లేదు బావా, ఒట్టు. నొప్పి లేని పుండు ఏం చేస్తుంది? ఇంకొక్క వారం ఆగు. మంద గట్టెక్కిందని తేలితే నేనే వెళ్తా. ఇప్పుడెళ్తే ఎలా వచ్చిందని అడుగుతారు."

నొప్పి లేకపోవడమే ఆ పుండు లక్షణమని నడకాయనకు తెలుసు. మామగారు చెప్పగా విన్నాడు. ఒళ్ళు మండే సంగతి ఏంటంటే, తెలిసి కూడా ఆయన "సరే, వారం" అన్నాడు. జుట్టు పట్టుకుని ఈడ్చుకుపోవాల్సిన మనిషి, కర్ర పట్టుకుని గుట్ట దిగి వచ్చాడు. దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు గానీ వెనక్కి వెళ్ళలేదు.

వారం తిరగలేదు. బావమరిదిని పక్క దొడ్డి వాళ్ళు ఆసుపత్రిలో చేర్చారని కబురొచ్చింది. మొగుడూ పెళ్ళాం కొట్టు అలా వదిలేసి పరుగెత్తారు. చెయ్యి భుజం దాకా ఉబ్బి, మెడ కూడా వాచి, మనిషి మాట్లాడలేకుండా ఉన్నాడు. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. మంచం పక్కన చిన్న వయసు డాక్టరమ్మ నిలబడి ఉంది.

"ఈయన జబ్బు జంతువుల్ని ఏమైనా ముట్టుకున్నారా? కొయ్యడం, ఒలవడం లాంటివి?"

"అయ్యో, లేదమ్మా" అంది అక్క. "వీడు కత్తే ముట్టడు. వీడి మందకి జబ్బేంటి? మా ఆయన వారం వారం వెళ్ళి ఒక్కొక్కదాన్నీ చూస్తాడు. నడిచి రాని జీవాన్ని కొట్లోకే రానివ్వడు. ఊరంతా అడగండి."

బావమరిది బావ వంక చూశాడు. చెప్పమనా, వద్దనా, ఆ చూపులో ఏముందో నడకాయనకు అర్థం కాలేదు. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా కూడా అర్థం కాలేదు. ఆయన నేల వైపు చూస్తూ అన్నాడు:

"ముట్టుకున్నాడు డాక్టరమ్మా. చచ్చినదాన్ని ఒలిచాడు. దొమ్మరోగం. ఇద్దరం కలిసి పాతిపెట్టాం."

డాక్టరమ్మ గబగబా బయటికి వెళ్ళింది. మందులు మార్చారు, సూదులు వేశారు, సీసాలు కట్టారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది. మర్నాడు బావమరిది పోయాడు.

ఇంటికి వచ్చాక భార్య ఏడవలేదు, అరవలేదు. వంటగదిలో పీట మీద కూర్చుని అడిగింది.

"వాడు చెప్పొద్దన్నాడా?"

"అన్నాడు. కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు."

"వాడెప్పుడూ అంతే. చిన్నప్పుడు కాల్లో ముల్లు దిగినా, నాన్నకి చెప్పొద్దే అక్కా అనేవాడు." ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "నేను చెప్పేసేదాన్ని."

 ఆ రోజు నుంచి ఆవిడ ఆయనతో అవసరమైనంత వరకే మాట్లాడింది. కత్తి ఇవ్వు, తలుపు వెయ్యి, అన్నం పెట్టాను, అంతే.

పశువుల డాక్టరు వచ్చి గుట్ట చుట్టూ మందలన్నింటికీ టీకాలు వేశాడు. బావమరిది మందలో ఇంకొన్ని పడిపోతే కాల్చేశారు. మిగతావాటిని దొడ్లోనే కట్టేశారు. కొట్టు మూయించి, మొద్దు నుంచి కాలువ దాకా అంతా పరీక్ష చేశారు. ఎక్కడా ఏమీ దొరకలేదు. రోగం తగిలిన మాంసం ఒక్క ముక్క కూడా ఈ కొట్లోకి రాలేదని కాగితం రాసి ఇచ్చి వెళ్ళారు.

నడకాయన కొట్టు మళ్ళీ తెరవనన్నాడు. "ఈగలు తోలుకుంటూ కూర్చోవడానికా?" అన్నాడు. భార్యే తాళం తీసింది. తెరిచిన రోజు ఈగలు లేవు, జనం ఉన్నారు. గుమ్మం దాటి, వీధి మలుపు దాకా వరస కట్టారు. ఎదుటి అద్దాల దుకాణానికి అలవాటుపడ్డవాళ్ళు కూడా ఇటు వచ్చి నిలబడ్డారు. సొంత బావమరిది తెచ్చినా వద్దన్నాడట, తన చేతులతో సున్నం పోసి పాతిపెట్టాడట, ఈ రోజుల్లో అలాంటివాడు ఎక్కడున్నాడు, అని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటున్నారు. మంద కట్టెయ్యడం తప్ప బావమరిది భయపడ్డదేదీ జరగలేదు. గుట్ట చుట్టూ ఉన్న చిన్న మందల వాళ్ళందరికీ గిరాకీ పెరిగింది.

ఆయన మొద్దు దగ్గర, ఆవిడ తూకం దగ్గర. వచ్చిన ప్రతివాళ్ళూ ఆవిడకు ఏదో ఒక మంచి మాట చెప్పి వెళుతున్నారు. ఆవిడ తల ఊపి పొట్లం కడుతోంది. ఇంతలో ఒక పెద్దావిడ, చంకలో మనవడితో, ముందుకు వంగి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"తల్లీ, తమ్ముణ్ణి పోగొట్టుకున్నావు, నీ బాధ నాకు తెలుసు. కానీ నీ మొగుడు బంగారం. మా పిల్లల్ని కాపాడాడు."

మొద్దు మీద చప్పుడు ఆగిపోయింది.

"అవునండీ" అంది ఆవిడ. "మీ పిల్లల్ని కాపాడాడు."

పొట్లం చేతికిచ్చి, వరస వైపు తిరిగి, "తర్వాత ఎవరండీ?" అని అడిగింది.