టెలిస్కోపులో కనిపించిన అక్క

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్లి టీ పెట్టుకునే రకం నేను. చిన్నప్పటి నుంచి చర్చికి వెళ్తాను, ప్రార్థన చేసుకుంటాను. కానీ ఫలానా ఇంట్లో నీడ కనిపించిందనో, ఎవరో పిలిచారనో చెబితే, "ముందు ఒకసారి కళ్లు చూపించుకోండి" అని నవ్వేసేదాన్ని. అది హేళన కాదు, మా పనే అది. వరంగల్‌లో మాకు చిన్న కళ్లద్దాల షాపు ఉంది. అద్దంలో కనిపించేదానికి కారణం ఉంటుందని నమ్మి ఇన్నేళ్లు బతికాను.

అందుకే ఈ సంగతి చెప్పడానికి నాకే ఇబ్బందిగా ఉంది.

టెలిస్కోపు కొనాలన్నది నా కోరికే. శని గ్రహం చుట్టూ ఉన్న వలయాన్ని నా కంటితో చూడాలని ఎప్పటి నుంచో ఉండేది. పెట్టె వచ్చిన మరుసటి ఆదివారం సాయంత్రం, ఇంకా ఎండ ఉండగానే దాన్ని మా డాబా మీదికి ఎక్కించాం. మా ఇల్లు కరీమాబాద్ వైపు. చీకటి పడకముందే ఎందుకంటే, పెద్ద గొట్టం పక్కన గురి చూసుకోవడానికి ఒక చిన్న దుర్బిణి ఉంటుంది. వెలుతురులో దూరంగా ఉన్న వస్తువును చూస్తూ ఆ రెండింటినీ సరిచేసుకోవాలి.

మా ఆయన దూరంగా కనిపిస్తున్న సెల్ టవర్ మీద గురి పెట్టాడు. చూసి పెద్దగా నవ్వాడు.

"సునీతా, జర ఇటు రా. టవర్ తలకిందులు కనపడ్తాంది!"

అలాంటి టెలిస్కోపులో అన్నీ అలాగే కనిపిస్తాయి. లోపల అద్దాలు ఉండే తీరు అది. ఆకాశంలో పైకీ కిందికీ తేడా లేదు కనుక ఎవరూ పట్టించుకోరు. నేను ఆయనకు అదంతా వివరించి, ఫోకస్ సరిచేసి, గొట్టాన్ని మెల్లగా పక్కకు జరుపుతూ పోయాను. నీళ్ల ట్యాంకులు, డిష్ యాంటెన్నాలు, ఆరేసిన బట్టలు వచ్చి పోతున్నాయి.

అప్పుడు అక్క కనిపించింది.

మా రత్నక్క కొత్తవాడలో అద్దె ఇంట్లో ఉంటుంది. రైల్వే లైనుకు అవతల. ఆమె ఇంటి డాబా నాకు బాగా తెలుసు. పక్కింటివాళ్లు జంపఖానాలు నేస్తారు, రంగు వేసిన నూలును ఆ డాబా గోడల మీదే ఆరేస్తారు. ఆ ఎర్ర నూలు పక్కన, పిట్టగోడను ఆనుకుని అక్క నిలబడి ఉంది. నీలం చీర. కుడిచేత్తో కొంగు పట్టుకుని ఊపుతోంది. సరిగ్గా నా వైపే చూస్తోంది. పెదవులు కదులుతున్నాయి.

నాకు భయం వేయలేదు. పట్టరాని సంతోషం కలిగింది. కొత్త టెలిస్కోపులో మొదట కనిపించింది మా అక్కే అనుకున్నాను.

"అక్క చెయ్యి ఊపుతాంది! చూడు, చూడు!" అని మా ఆయన్ని లాగాను.

ఆయన వంగేటప్పుడు భుజం తగిలి గొట్టం కదిలిపోయింది. "ఏదీ? ఏం లేదు, ఉత్త ఆకాశమే" అన్నాడు. మళ్లీ ఎంత వెతికినా ఆ డాబా దొరకలేదు.

సరే, చెబితే నవ్వుకుంటుంది కదా అని అక్కకు ఫోన్ చేశాను. రింగవుతోంది, ఎత్తడం లేదు. కిందికి దిగి ఉంటుందిలే అని కాసేపు ఆగి మళ్లీ చేశాను. ఎత్తలేదు. బావ ఎనుమాముల మార్కెట్లో గుమాస్తా. మిర్చి సీజనులో ఆదివారాలు కూడా లెక్కలంటూ వెళ్తాడు. ఆయన ఫోన్ కూడా కలవలేదు.

"పనిల ఉంటదిలే, ఫికర్ జెయ్యకు" అన్నాడు మా ఆయన.

నేనూ అలాగే అనుకోవాలని చూశాను. కానీ ఆ పెదవులు కదలడం గుర్తొచ్చినకొద్దీ లోపల ఏదో ఇబ్బంది. అది నవ్వే ముఖం కాదేమో అనిపించడం మొదలైంది. స్కూటీ తీసుకుని అండర్ బ్రిడ్జి దాటి వెళ్లాను. మా ఆయన వెనక కూర్చుని దారంతా నన్ను తిడుతూనే ఉన్నాడు.

తలుపు లోపలి నుంచి గడియ పెట్టి ఉంది. కొట్టినా పలకలేదు. వంటింటి కిటికీలోంచి చూస్తే అక్క పాదాలు కనిపించాయి. నేల మీద పడి ఉంది.

పక్కింటి ఆయన, మా ఆయన కలిసి తలుపు పగలగొట్టారు. అక్క ఒళ్లంతా చెమటతో తడిసి చల్లగా ఉంది. పిలిస్తే పలకడం లేదు. పసుపు రంగు నైటీలో ఉంది. ఆ క్షణంలో నాకు ఆ రంగు గురించి ఆలోచనే రాలేదు. ఆటోలో వేసుకుని దవాఖానకు తీసుకెళ్లాం.

షుగర్ బాగా పడిపోయిందని చెప్పారు. షుగర్ మాత్ర వేసుకుని, పొద్దున్నుంచి ఏమీ తినలేదట. "ముందు ఎవరు చూసిన్రమ్మా? ఇంకొంచెం ఆలస్యమైతే మనిషి దక్కేది కాదు" అంది డాక్టరమ్మ. నేను చూశానని చెప్పబోయి ఆగిపోయాను. ఏమని చెప్పను?

బావ మార్కెట్ నుంచి నేరుగా పరుగెత్తుకొచ్చాడు. ఆయన చొక్కా నిండా మిర్చి దుమ్ము. వార్డులో ఒక్కొక్కరే తుమ్మడం మొదలుపెట్టారు. ఆయన మాత్రం మంచం పక్కన నిలబడి, అక్క చెయ్యి పట్టుకుని ఏడుస్తున్నాడు.

"డాబా మీదికెందుకు పోయింది బావా, ఒంట్లో బాగలేనప్పుడు?" అని అడిగాను.

ఆయన నా వైపు వింతగా చూశాడు. "డాబాకు తాళమేసి ఉంది గద బిడ్డా. ఇంటోళ్లు ఏటూరునాగారం పెండ్లికి పోయిన్రు. తాళంచెవి వాళ్ల దగ్గర్నే ఉంది."

అప్పటి నుంచి నా తల పనిచేయడం మానేసింది.

అక్క కోలుకుంది. తర్వాతి ఆదివారం అదే వేళకు టెలిస్కోపు మళ్లీ పైకెక్కించాం. ఆ సెల్ టవర్ నుంచి మొదలుపెట్టి, అంగుళం అంగుళం జరుపుతూ వెతికాను. కొత్తవాడ వైపు చూస్తే మధ్యలో ఒక ఫంక్షన్ హాలు. దాని వెనక గోడ, గోడ మీద వెలిసిపోయిన సిమెంటు ప్రకటన. అంతే. అక్క ఇల్లు రెండంతస్తులది. ఆ హాలును దాటి అది మా డాబాకు కనిపించే వీలే లేదు. ఆ హాలు కట్టి చాలా ఏళ్లయింది. రోజూ చూస్తూనే ఉన్నాను, అయినా ఆ రోజు నాకు ఆ మాట తట్టనే లేదు.

"ఎవలో వేరే ఆమెను చూసి అక్క అనుకున్నవ్" అన్నాడు మా ఆయన.

నిజానికి నాకూ అదే నమ్మాలని ఉంది. కానీ టెలిస్కోపులో ఆ సిమెంటు ప్రకటన అక్షరాలు తలకిందులుగా ఉన్నాయి. వాటిని చూస్తుంటేనే నాకు తట్టింది. అక్క నాకు నిటారుగా కనిపించింది. కాళ్లు కింద, తల పైన, మామూలుగా ఎదురుగా నిలబడిన మనిషిలా. వేరే ఆమె అయినా సరే, ఆ టెలిస్కోపులో అలా కనిపించకూడదు.

ఆ మాట మా ఆయనకు చెప్పాను. టెలిస్కోపును తానే విప్పి కిందికి తెచ్చాడు.

అక్కకు మాత్రం చాలా రోజులు చెప్పలేదు. బలం వచ్చాక ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చినప్పుడు, అన్నం తింటుండగా అంతా చెప్పేశాను. ఆమె నవ్వలేదు. ముద్ద కలుపుతూ వింది.

"కొంగు ఊపినన్నా?"

"అవునక్కా. కుడిచేత్తోని. నీలం చీర కట్టుకున్నవ్."

"నాకు నీలం చీరే లేదు గదే" అంది.

ఆ పూట నీకేం గుర్తుంది, ఏమైనా కల వచ్చిందా, నన్ను తలుచుకున్నావా అని గుచ్చి గుచ్చి అడిగాను. పొయ్యి దగ్గర నిలబడటం గుర్తుందట. కళ్లు తెరిస్తే బావ ఏడుస్తున్నాడట. మధ్యలో ఏమీ లేదట, చీకటి కూడా లేదట.

అక్కడ నిలబడింది అక్క అయితే ఆ చీర ఎక్కడిది? అక్క కాకపోతే నన్నెందుకు పిలిచినట్టు? ఇప్పటికీ ఈ రెండు ప్రశ్నల మధ్యే తిరుగుతున్నాను. ఎవరైనా ఒక కారణం చెబితే సంతోషంగా ఒప్పుకుంటాను.

చెయ్యి కడుక్కుని వచ్చి అక్క నా పక్కన కూర్చుంది. తర్వాత మెల్లగా అంది.

"నన్ను కాపాడింది నువ్వేనని అందరంటున్నరు. నువ్వేమో నేనే పిలిచిన అంటున్నవ్. నేనైతే ఎవర్నీ పిలవలే, సునీ."