మా ఆయన తెప్పించుకున్న చేప

ఇదివరకు మా ఇంట్లో పొద్దున్న మొదటి మాట చేపలకే దక్కేది. మా ఆయన లేవగానే కిటికీ గట్టు మీద వరసగా ఉన్న గాజు సీసాల దగ్గరికి వెళ్లి, వాటి మధ్య నిలబెట్టిన అట్టముక్కలు ఒక్కొక్కటే తీసేవారు. అవి బెట్టా చేపలు. ఒక మగది ఇంకో మగదాన్ని చూసిందంటే మొప్పలు విప్పి, తోక విసనకర్రలా పరిచి గాజుకేసి కొట్టుకుంటుంది. "సాల్లెండ్రా, ఇక సల్లారండి" అని అట్టలు మళ్లీ పెట్టేశాకే నన్ను కాఫీ అడిగేవారు. ఇప్పుడు ఆ అట్టలు తీసేదీ పెట్టేదీ నేనే. మాట మాత్రం నాకు రావడం లేదు.

ఆయన పేరు కూర్మారావు. బరంపురం బడా బజార్‌లో దారాలు, గుండీలు, లేసులు అమ్మే దుకాణం. చీర అంచు చూపిస్తే చాలు, దానికి సరిపడే దారం తీసిచ్చేవారు. మేం కోమట్లం. కోడిగుడ్డు కూడా గుమ్మంలోకి రానివ్వని ఇంట్లో చేపలు పెంచితే మావాళ్లు ఊరుకుంటారా? ఆయన అక్క భారతీదేవి, అంటే మా వదిన, వచ్చినప్పుడల్లా "ఏరా కూర్మీ, ఇయ్యాల పులుసా, ఏపుడా?" అని అడిగేది. "ముందు నీ ఇస్తట్లోనే వడ్డిస్తానక్కా" అనేవారు ఆయన. వదిన చెవులు మూసుకునేది.

పోయిన చలికాలంలో ఆయన ఫోనులో థాయిలాండ్ చేపలాయన ఎవరో పెట్టే బొమ్మలు చూడడం మొదలుపెట్టారు. ఒకరోజు దుకాణం నుంచి దారపు ఉండలు సంచీ నిండా తెచ్చి, ఫోను పక్కన పెట్టి నన్ను పిలిచారు.

"సూడు పద్మా. నీలం అంటే నీలం కాదు, పచ్చ అంటే పచ్చా కాదు. ఈ రంగు దారం మన దగ్గిర లేదు."

"లేకపోతే మానీండి."

"మానీడమేటి? తెప్పిస్తాను."

దారం గురించి అనుకున్నాను. తెప్పించింది చేపని. విశాఖపట్నం దాటి ఎరగని మనిషి సముద్రం అవతలి చేపకి డబ్బు కట్టేశారు. అక్కడి నుంచి చాలామంది కొనుక్కున్న చేపలు ఒకే పెట్టెలో మద్రాసు వస్తాయట. రవికాంత్ అనే ఏజెంటు వాటిని కొన్నాళ్లు ఉంచి, ఎవరిది వాళ్లకి రైల్లో పంపిస్తాడట.

చేప మద్రాసు చేరేలోపే ఆయన పోయారు. దుకాణంలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయారు.

ఇంట్లో కర్మలు నడుస్తుండగా ఆయన ఫోను మోగింది. రవికాంత్. "అన్నా, మీ చేప బాగుంది. రేపటి బండికి వేసేస్తున్నాను" అన్నాడు. నా గొంతు విని, "అన్న లేరామ్మా?" అని అడిగాడు.

"బయటికెళ్లారు. పంపండి" అన్నాను. ఎందుకలా అన్నానో ఇప్పటికీ తెలియదు.

పెట్టె వచ్చిన రోజు మగవాళ్లంతా అస్థికలు కలపడానికి రుషికుల్య నదికి వెళ్లారు. స్టేషన్ నుంచి ఫోను వచ్చింది. ఎండలు ముదిరాయి. సాయంత్రం వాళ్లు తిరిగొచ్చేదాకా ఉంచితే లోపల నీళ్లు ఉడికిపోతాయి. ఇంట్లో నేను, వదిన. మా కులంలో భర్త పోయినామెను పుట్టింటివాళ్లొచ్చి గుడిలో నిద్రకి తీసుకెళ్లేదాకా గడప దాటనివ్వరు. భయపడుతూనే వదినకి చెప్పాను.

"కర్మల ఇంటికి చేపేటే!"

"మీ తమ్ముడు తెప్పించుకున్నది వదినా. ఇంకాసేపుంటే చచ్చిపోతుంది."

 వదిన భర్త పోయి చాలా ఏళ్లయింది. "నన్ను నెలల తరబడి ఆ గదిలో కూకోబెట్టారు. ఏటొచ్చింది? పోయినాయన తిరిగొచ్చాడేటి?" అంది. తర్వాత చీర కొంగు బిగించింది. "గడప దాటకూడదు, అంతే కదా. పెరటి గుమ్మానికి గడప లేదు. బైకు లోపల పెట్టుకోడానికి మా కూర్మిగాడే పీకించేశాడు. నడు."

పెరట్లోంచి సందులోకి వచ్చి ఆటో ఎక్కాం. నేను తలమీంచి కొంగు తీయలేదు.

పార్సిల్ ఆఫీసులో ఒడియా గుమాస్తా ఆయన ఆధార్ కార్డు చూసి, పెట్టె చేతిలో పట్టుకుని ఊపబోయాడు. "ఊపకండి!" అని అరిచాను. అన్ని రోజుల్లో నేను గట్టిగా మాట్లాడింది అప్పుడే.

"ఇంత పెట్టెలో ఒక్క మాఛొనా, ఒక్క చేపేనా?" అని నవ్వాడతను, వచ్చీరాని తెలుగులో. "ఒక ముద్దకి కూడా రాదు కదా మావుసీ."

"మేం తినం బాబూ. సూత్తాం" అంది వదిన.

ఇంటికొచ్చి పెట్టె విప్పాం. టీ రంగు నీళ్లున్న చిన్న సంచీలో చేప పక్కకి వాలి ఉంది. ఆ రంగే లేదు. తడిసిన బూడిదలా ఉంది. ఆయన ఎలా చేసేవారో చూసినదాన్నే కాబట్టి, సంచీని అలాగే సీసా నీళ్లలో తేలనిచ్చి, కొంచెం కొంచెంగా నీళ్లు కలిపి, అప్పుడు వదిలాను. అది తిన్నగా అడుక్కి పోయింది. వదిన పీట వేసుకుని సీసా ముందు కూర్చుంది.

"ఒసేయ్, మొప్ప ఆడింది. ఇప్పుడే సూశాను."

"నాకు కనబళ్లేదు వదినా."

"నీ కళ్ల నిండా నీళ్లు. నీకేం కనబడతాది!"

మగవాళ్లు రుషికుల్య నుంచి వచ్చేసరికి అది పైకొచ్చి గుటక వేసింది.

కర్మలయ్యాక మా తమ్ముడు సాయిరామ్ గిరిసోల నుంచి నన్ను నిద్రకి తీసుకెళ్లడానికి వచ్చాడు. బయలుదేరేముందు సీసాలన్నీ కడిగి నీళ్లు మార్చాలి. కొత్త చేప సీసా దగ్గరికి వస్తే, నీళ్ల పైన ఒక మూల ఉమ్మిలాంటి నురగ కట్టి ఉంది. "పాచి పట్టింది, పారబోయి" అంది వదిన. నాకు భయం వేసి రవికాంత్‌కి ఫోను చేసి నురగ సంగతి చెప్పాను.

"ఒకసారి అన్నకివ్వండమ్మా, చెప్తాను."

"ఆయన లేరు బాబూ. చేప మద్రాసు చేరకముందే పోయారు."

"అయ్యో, అన్నా" అన్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "అది పాచి కాదమ్మా, గూడు. పిల్లల కోసం మగచేప బుడగలతో కడుతుంది. ఆడది లేకపోయినా కడుతుంది. ఒంట్లో బాగుంటేనే కడుతుంది."

వంగి చూశాను. చేప నోటితో ఒక్కో బుడగ తెచ్చి కింద అతికిస్తోంది. తోక దగ్గర రంగు మొదలైంది. నీలమూ కాదు, పచ్చా కాదు.

"అక్కా, బస్సెల్లిపోతాది" అని సాయిరామ్ వీధిలోంచి కేక వేశాడు.

తక్కిన సీసాలన్నీ కడిగి నీళ్లు పోశాను. దాన్ని మాత్రం కడగలేదు.