కోట నీడలో విన్న మాట

ఎనభైలలో కోడలి కాన్పుకని బహ్రెయిన్ వెళ్లాను. ఒక శుక్రవారం కొడుకు, "కంపెనోళ్లు ఉట్టిగనే తిప్పుతరటనే అమ్మా" అంటే పాత కోట చూడటానికి వాడితో కలిసి బస్సెక్కాను. పూర్వం అక్కడ యుద్ధాల్లో ఎందరో చచ్చారని గైడు హిందీలో చెప్పాడు.

గోడ నీడన కూర్చుంటే సముద్రపు గాలికి కళ్లు మూతపడ్డాయి. ఇసుకలో గుర్రాలు మెల్లగా నడిచిపోతున్నట్టే ఉంది.

కళ్లు తెరిస్తే కొడుకు లేడు. "మేరా బేటా?" అని గైడును అడిగాను. బురుజు వైపు చెయ్యి చూపి, "ఖలాస్!" అన్నాడు.

మా ఊళ్లో ఖలాసంటే ప్రాణం పోయినట్టే. గుండెలు బాదుకున్నాను.

కొడుకు బురుజు దిగి పరుగెత్తుకొచ్చాడు. "ఊకో అమ్మా! బురుజు చూసుడు అయిపోయిందన్నడు. నేను మంచిగనే ఉన్న."

ఇప్పటికీ మా ఇంట్లో బియ్యం అయిపోతే 'నిండుకున్నాయి' అనాలి. ఖలాస్ అంటే ఊరుకోను.